ఇంగ్లిష్ క్రియల కార్డుల పెట్టె: కొనొచ్చు, కానీ పెన్సిల్ పక్కన పెట్టుకోండి

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లినప్పుడు మా పాప కోసం ఇంగ్లిష్ క్రియల కార్డుల పెట్టె ఒకటి కొన్నాను. 120 కార్డులు, 340 రూపాయలు. పాప మున్సిపల్ స్కూల్లో 5వ తరగతి. వాళ్ల పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటుంది కదా, తను తెలుగు పేజీ చకచకా చదివేసి ఇంగ్లిష్ పేజీ జోలికే పోదు. అందుకే కొన్నాను. మూడు నెలలుగా రోజూ రాత్రి అన్నాలయ్యాక మేం ముగ్గురం, అంటే నేను, పాప, మా అత్తయ్య, ఈ కార్డులతోనే కూర్చుంటున్నాం. అత్తయ్య జూన్‌లో డాలస్‌లో ఉన్న మా బావగారి దగ్గరికి వెళ్తున్నారు, ఆవిడకీ అవసరమే. వేసినవాళ్ల పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి పెట్టెలు నేను చూసినవాటిలో చాలావాటికి ఇదే లోపం ఉంది.

ముందు మంచి సంగతి. క్యాన్, కుడ్, మే, మస్ట్, షుడ్, విల్ లాంటివన్నీ పసుపు కార్డులు. గో, ఈట్, గివ్, టేక్ లాంటి రోజువారీ క్రియలు నీలం కార్డులు. పసుపు పక్కన నీలం పెడితే వాక్యం అయిపోతుంది, మధ్యలో టు రాదు, చివర ఎస్ రాదు. పాప అంతకుముందు "హి క్యాన్ గోస్", "ఐ క్యాన్ టు గో" అనేది, నేను ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే. రెండు రంగులు పక్కపక్కన పెట్టి ఆడించిన వారానికే ఆ తప్పు పోయింది. ఎవరు ఆలోచించారో గానీ చాలా మంచి ఆలోచన. కాకపోతే హ్యావ్ టు కూడా పసుపులోనే కలిపేశారు, దాంతో పాప "హి హ్యావ్ టు గో" అంటోంది. అక్కడ హ్యాజ్ టు కావాలి. ఆ ఒక్క కార్డుకీ మూలన ఆకుపచ్చ స్కెచ్‌తో చుక్క పెట్టి విడిగా ఉంచాను.

అసలు ఇబ్బంది కార్డు వెనక్కి తిప్పితే మొదలవుతుంది. ఒక ఇంగ్లిష్ మాటకి ఒక తెలుగు మాట, అంతే. క్యాన్ అంటే గలను, మే అంటే వచ్చు. ఒకరోజు "నాకు ఈత వచ్చు" అని ఇంగ్లిష్‌లో చెప్పమంటే పాప "ఐ మే స్విమ్" అంది. దాని తప్పేముంది, కార్డు మీద ఉన్నది అదేగా! మనకి వచ్చు అన్న ఒక్క మాట మూడు పనులు చేస్తుంది. ఈత వచ్చు అంటే తెలుసు అని, అక్కడ క్యాన్ రావాలి. ఇక ఇంటికి వెళ్లొచ్చు అంటే అనుమతి, దానికి మే గానీ క్యాన్ గానీ సరిపోతుంది. సాయంత్రం వాన రావచ్చు అంటే అనుమానం, దానికి మే లేదా మైట్. ఈ మూడు వాక్యాలూ వెనక అచ్చేసి ఉంటే అయిపోయేది, చోటు కూడా బోలెడుంది, సగం కార్డు ఖాళీగానే ఉంది.

నీలం కార్డుల్లోనూ ఇదే గొడవ. పుట్ కార్డు వెనక "వేయు, పెట్టు" అని ఉంది. మనం తలుపు వేస్తాం, ఫ్యాన్ వేస్తాం, ముగ్గు వేస్తాం, చొక్కా వేసుకుంటాం, దోసె వేస్తాం, ఓటు కూడా వేస్తాం. ఇంగ్లిష్‌లో వీటిలో ఒక్కోదానికి ఒక్కో మాట. పాప నన్ను "అమ్మా, పుట్ ద డోర్" అంటే నాకు అర్థమైంది, ఎందుకంటే నేను తెలుగుదాన్ని. వేరేవాళ్లకి ఎలా అర్థమవుతుంది? షట్ ద డోర్, టర్న్ ఆన్ ద ఫ్యాన్ అని నేనే చిన్న అక్షరాలతో రాసి పెట్టాను. చూడు విషయంలో మాత్రం ఈ పెట్టె శ్రద్ధ తీసుకుంది, మెచ్చుకోవాలి. సీ, లుక్, వాచ్ మూడింటికీ మూడు బొమ్మలు: కిటికీలోంచి రైలు కనపడుతున్న పిల్లవాడు, వేలు చూపించి "ఇటు చూడు" అంటున్న అక్క, టీవీలో క్రికెట్ చూస్తున్న తాతయ్య. ఆ మూడు కార్డులూ పాప ఒక్క పూటలో పట్టేసింది. అన్నీ అలా చేసి ఉంటే ఈ రివ్యూ ఇంత పొడుగు ఉండేది కాదు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన కార్డు. మస్ట్ నాట్ వెనక "అక్కర్లేదు" అని ఉంది. అది తప్పు, చిన్న తప్పు కాదు. మస్ట్ నాట్ అంటే కూడదు. అక్కర్లేదు అనడానికి డోంట్ హ్యావ్ టు. పొరపాటు ఎక్కణ్నుంచి వచ్చిందో ఊహించగలను. వేసుకోవాలి అన్నదానికి తెలుగులో రెండు వ్యతిరేకాలు, వేసుకోకూడదు, వేసుకోనక్కర్లేదు. ఇంగ్లిష్‌లో మస్ట్, హ్యావ్ టు రెండూ వేసుకోవాలి అనే అర్థమే ఇస్తాయి, కానీ నాట్ చేరగానే చెరో దారి పడతాయి. మందు పెట్టె మీద "యు మస్ట్ నాట్ టేక్ దిస్ విత్ ఆల్కహాల్" అని ఉంటే ఈ కార్డు చదివిన మనిషి ఏమనుకుంటాడు? మందుతో పాటు తాగనక్కర్లేదట, తాగినా పర్లేదట అనుకుంటాడు. పిల్లల కార్డే కదా అని వదిలేయడానికి లేదు, చిన్నప్పుడు పట్టుకున్న అర్థం పెద్దయినా పోదు. వెనకున్న ఫోన్ నంబరుకి చేసి చెప్పాను, రాసుకుంటాం అన్నారు. మీరు ఇలాంటి పెట్టె కొనేముందు ముందుగా ఈ ఒక్క కార్డు తీసి చూడండి. అది సరిగ్గా ఉంటే మిగతావి ఒక మాదిరిగానైనా ఉంటాయి.

విల్ కార్డు గురించి కూడా చెప్పాలి. వెనక "వెళ్తాను" అని ఉంది. రోజూ స్కూల్‌కి వెళ్తాను, రేపు గుంటూరు వెళ్తాను, మనకి రెండూ ఒకటే రూపం. అందుకే పాప నోట్సులో "ఐ విల్ గో టు స్కూల్ డైలీ" అని రాసింది. రోజూ చేసేదానికి విల్ అక్కర్లేదు, ఐ గో చాలు. మా ఆఫీసులో పదేళ్లుగా ఇంగ్లిష్‌లో మెయిల్స్ రాసేవాళ్లే "ఐ విల్ కమ్ బై బస్ డైలీ" అంటుంటారు, కాబట్టి ఇది పిల్లల తప్పు అనుకోకండి. ఆ కార్డు మీద "రేపు" అని తెలుగులో ఒక్క మాట రాశాను, సరిపోయింది.

అత్తయ్యకి బాగా ఉపయోగపడింది కుడ్. కార్డు వెనక "గలిగాను" అని మాత్రమే ఉంది, మర్యాదగా అడగడానికి వాడతారని ఎక్కడా లేదు. ఆవిడ మొదట్లో "గివ్ మి హాట్ వాటర్" అనేవారు. గొంతులో ఎంత మర్యాద ఉన్నా అది పనిమనిషికి చెప్పినట్టు ఉంటుంది. మనం "కాస్త వేణ్నీళ్లు ఇస్తారా అండీ" అన్నప్పుడు ఆ కాస్త, ఆ ఇస్తారా, ఆ అండీ అన్నీ కలిసి చేసే పనిని అక్కడ కుడ్ చేస్తుంది. "కుడ్ ఐ హ్యావ్ సమ్ హాట్ వాటర్, ప్లీజ్?" అని నేర్పాను. ఆవిడ నాలుగుసార్లు అనుకుని, "ఓహో, ఇది వాళ్ల అండీ అన్నమాట" అన్నారు. అప్పట్నుంచి ఒక్కసారి కూడా మర్చిపోలేదు. విమానంలో మాంసం పెట్టబోతే "తినను" అనాలా "తినలేను" అనాలా అని కూడా అడిగారు. తినను అంటే ఐ డోంట్ ఈట్ మీట్, తినలేను అంటే ఐ కాంట్. ఆవిడకి కావాల్సింది మొదటిది.

కుడ్‌లో పలకని ఎల్ ఎందుకని పాప అడిగింది, అదీ కార్డులో లేదు. వుడ్, షుడ్‌లలో ఎల్ విల్, షల్ నుంచి వచ్చింది, ఒకప్పుడు పలికేవాళ్లు. కుడ్ మాత్రం క్యాన్ నుంచి పుట్టింది, దానికి ఎల్ లేనే లేదు, ఆ రెండింటినీ చూసి తర్వాత ఇందులోనూ ఇరికించారు. అంతే, ఆ స్పెల్లింగ్ తను ఇక తప్పు రాయడం లేదు.

క్యూఆర్ కోడ్ ఆడియో బాగుంది. ముందు నెమ్మదిగా, తర్వాత మామూలు వేగంలో చెప్తారు. మామూలు వేగంలో ఐ క్యాన్ గో అంటే "కన్" అని తేలిగ్గా పోతుంది, కాంట్ మాత్రం గట్టిగా వినపడుతుంది. ఈ తేడా వినిపించడానికే ఆడియో కావాలి. అట్ట దళసరి, మూలలు గుండ్రంగా కోశారు, ఒకసారి పప్పుచారు పడినా తుడిస్తే పోయింది.

ఐదుకి మూడు ఇస్తాను. రంగుల ఆటకి, బొమ్మలకి, ఆడియోకి ఆ మూడు. పక్కన కూర్చుని వెనకవైపు దిద్దే ఓపిక ఉంటే 340కి దండగ కాదు, పిల్లల చేతికి ఇచ్చేసి మన పని మనం చూసుకుందాం అనుకుంటే వద్దు. మాది 120లో 31 కార్డుల మీద పెన్సిల్ రాత ఉంది.