నల్గొండలో శాన్ మారినో జెర్సీలు కొట్టించాం: షాపు ఎలా ఉందంటే

ముందు రేటింగ్ చెప్పేస్తా, మొత్తం చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ప్రింటింగ్‌కి ఐదుకి నాలుగున్నర, గుడ్డకి నాలుగు, చెప్పిన రోజుకి ఇవ్వడంలో ఒకటి. ఆ ఒకటి కూడా షాపాయన మంచితనం చూసి వేసిందే. నల్గొండ క్లాక్ టవర్‌కి నడిచిపోయేంత దూరంలో, మెట్లెక్కి పైకి పోవాల్సిన చిన్న షాపు. కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయట్లేదు, ఆయన గిరాకీ చెడగొట్టడం నా ఉద్దేశం కాదు.

మేం పొద్దున్నే ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఆడే బ్యాచ్. మెడికల్ షాపు నడిపేవాళ్లున్నారు, బ్యాంకులో చేసేవాళ్లున్నారు, డిగ్రీ పిల్లలున్నారు, ఒక ఆర్టీసీ కండక్టర్ ఉన్నాడు. అందరం డ్యూటీకి పోయేముందు కాసేపు ఆడేవాళ్లమే. పాలమూరులోనో సూర్యాపేటలోనో టోర్నీ అంటే తలా కొంత వేసుకుని పోతాం, మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోతాం, దారిలో బిర్యానీ తిని ఇంటికొస్తాం. అట్లాంటి మాకు అర్జెంటీనా చారలు, పోర్చుగల్ ఎరుపు వేసుకుని దిగాలంటే సిగ్గుగా ఉంటుంది. ఈసారి మా స్థాయికి తగ్గ దేశం చూసుకుందాం అని మా గోల్‌కీపరే శాన్ మారినో పేరు తీశాడు.

తెలియనివాళ్ల కోసం: శాన్ మారినో అంటే చుట్టూరా ఇటలీయే ఉండే చిన్న దేశం, 61 చదరపు కిలోమీటర్లు, జనాభా 34 వేలు, కొంచెం అటూఇటూగా. ఒక్క నల్గొండ టౌన్‌లోనే దానికి నాలుగింతల మంది ఉంటాం. ఫిఫా ర్యాంకుల్లో ఏళ్ల తరబడి అట్టడుగున, 210వ స్థానంలో ఉన్న జట్టు. ఆటగాళ్లలో చాలామంది పగలు ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీసు బాపతే. మాకూ వాళ్లకూ తేడా ఏంటంటే వాళ్లు ఓడింది ఇంగ్లాండ్ చేతిలో, జర్మనీ చేతిలో. మేం ఓడేది పక్క జిల్లా వాళ్ల చేతిలో.

ఐడియా ఏంటంటే, వీపు మీద ఆటగాడి పేరు బదులు ఆ దేశం రికార్డు వేయించాలి. ఓడనివి మాత్రమే. బ్రెజిల్‌కి ఈ పని చేయాలంటే ఆరు గజాల చీర కూడా చాలదు, శాన్ మారినోకి ఒక్క జెర్సీ వీపు సరిపోయి ఇంకా జాగా మిగులుతుంది. వాళ్ల మొదటి అధికారిక మ్యాచ్ 1990 నవంబర్ 14న స్విట్జర్లాండ్ మీద, 0–4తో ఓటమి. అక్కడి నుంచి 2024 చివరిదాకా పాయింట్ తెచ్చిన మ్యాచ్‌లు ఎనిమిదే ఎనిమిది. 1993లో టర్కీతో 0–0. 2001లో రీగాకి పోయి లాత్వియాతో 1–1. తర్వాత పాయింటన్న మాటే లేకుండా పదమూడేళ్లు గడిచి 2014 నవంబర్‌లో ఎస్టోనియాతో 0–0, అది కూడా వరసగా 61 మ్యాచ్‌లు ఓడిన తర్వాత వచ్చిన 0–0 అన్నమాట, అంటే గోల్ లేని మ్యాచ్‌కి జనం ఏడ్చి కౌగిలించుకునే పరిస్థితి. 2020లో లీచెన్‌స్టీన్‌తో ఒక 0–0, జిబ్రాల్టర్‌తో ఇంకో 0–0. మిగతా మూడూ 2024వి, వాటి గొడవ కింద చెప్తా. వీటికి తోడు 2004 ఏప్రిల్ 28న లీచెన్‌స్టీన్ మీద 1–0 గెలుపు, ఆండీ సెల్వా ఫ్రీ కిక్ గోల్. అది ఫ్రెండ్లీ, పాయింట్ల లెక్కలోకి రాదు, కానీ ఆ దేశానికి మొట్టమొదటి గెలుపుని వదిలేస్తే పాపం తగులుతుంది. మిగతా ఫ్రెండ్లీ డ్రాలు వదిలేశాం. మొత్తం తొమ్మిది లైన్లు, తెలుగు అక్షరాల్లో.

ఇక షాపు సంగతి. గల్లాపెట్టె దగ్గర అరవై దాటిన పెద్దాయన, కంప్యూటర్ ముందు ఒక కుర్ర డిజైనర్, వెనక హీట్ ప్రెస్ మిషన్. గోడ నిండా క్రికెట్ జెర్సీలే, ఫుట్‌బాల్ అంటే డిజైనర్ తమ్ముడు ఫోల్డర్ వెతుక్కున్నాడు. కాగితం చూసి "ఇదేం దేశం అన్నా, గెలిచింది మూడేనా?" అని నవ్వాడు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఫుట్‌బాల్ అనగానే రహీం సాబ్ అని మొదలుపెట్టారు, మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్. వాళ్ల నాన్న చెప్పిన కథలట. ఆర్డర్ రాసుకోవడం పక్కనపెట్టి చాయ్ తెప్పించారు. మీకు టైం ఉంటే ఈ షాపులో ఇదొక బోనస్, ఆఫీసు లంచ్ బ్రేక్‌లో పోతే మాత్రం ఇబ్బంది.

తెలుగులో వేయించాలనుకునేవాళ్లు ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. మీరు వాట్సాప్‌లో పంపిన తెలుగు మ్యాటర్‌ని అతను అలాగే కోరల్ డ్రాలో వేస్తే ఒత్తులు విడిపోతున్నాయి, "ఎస్టోనియా"లో ట ఒత్తు ఊడి పక్కకొచ్చింది. అందుకని అంతా అను ఫాంట్‌లో మళ్లీ టైప్ చేస్తాడు. చేయి వేగమే, అక్షరాలు కూడా ముచ్చటగా వచ్చాయి, కానీ మళ్లీ టైప్ చేశాడంటే మళ్లీ చదువుకోవాల్సిన పని మనకే పడుతుంది. "లీచెన్‌స్టీన్" లైను పొడుగైపోతే ఆ ఒక్క లైనుకే సైజు తగ్గించి పంపాడు, మొత్తం తొమ్మిదికీ ఒకే సైజు చేయమంటే విసుక్కోకుండా చేశాడు.

అసలు గొడవ డేట్ల దగ్గర. కుర్రాడు బుద్ధిమంతుడు, మనం రాసిచ్చింది కరెక్టో కాదో ఫోన్‌లో చూసుకున్నాడు. మంచిదే. కానీ చూసుకుని మాకు చెప్పకుండా మార్చేశాడు. 2024 సెప్టెంబర్ 5ని 6 చేశాడు, నవంబర్ 18ని 19 చేశాడు. అక్కడ రాత్రి మొదలైన మ్యాచ్ మనకు అర్ధరాత్రి దాటాక వస్తుంది కాబట్టి ఫోన్ మన డేటే చూపిస్తుంది, అతని తప్పు కూడా కాదు. దానికంటే పెద్దది ఇంకోటి. నవంబర్ 18 మ్యాచ్ లీచెన్‌స్టీన్ గడ్డ మీద ఆడారు, స్కోరు సైట్లలో సొంతగడ్డ జట్టు గోల్స్ ముందు వేస్తారు, అందుకని 1–3 అని ఉంటుంది. మేం శాన్ మారినో గోల్స్ ముందేసి 3–1 అని రాసిచ్చాం, అతను "తప్పు రాశారన్నా" అని 1–3 చేశాడు. అంటే ఆ దేశం చరిత్రలో బయటి గడ్డ మీద మొదటిసారి గెలిచిన మ్యాచ్‌ని మా వీపుల మీద ఓటమి చేసేశాడు! డిజైన్ వాట్సాప్‌కి వచ్చినప్పుడు కండక్టర్ అన్న పట్టుకున్నాడు, లేకపోతే పద్నాలుగు జెర్సీలూ అట్లాగే ప్రింటయ్యేవి.

ఆ మ్యాచ్ గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. 2018లో యూరప్‌లో నేషన్స్ లీగ్ మొదలయ్యేదాకా శాన్ మారినోకి పాయింట్ల మ్యాచ్ అంటే దాదాపు ఎప్పుడూ తనకంటే ఎంతో పెద్ద జట్టుతోనే. తన స్థాయి జట్లతో పాయింట్ల కోసం ఆడే అవకాశం ఈ లీగ్‌తోనే వచ్చింది. రికార్డు చూసి నవ్వేవాళ్లు ఇది గమనించరు, మనూరి టీమ్‌ని ఏటా ఐఎస్ఎల్ (ఇండియాలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్) జట్లతోనే ఆడించి మీరు ఒక్కటీ గెలవలేదేంటి అన్నట్టు. అయినా వెంటనే ఏం మారిపోలేదు, మొదటి నేషన్స్ లీగ్‌లో ఆరుకి ఆరూ ఓడింది. 2024 సెప్టెంబర్ 5న సొంత ఊరు సెర్రవల్లేలో లీచెన్‌స్టీన్ మీద నికో సెన్సోలి గోల్‌తో 1–0. వరసగా 140 మ్యాచ్‌ల తర్వాత గెలుపు, పాయింట్ల మ్యాచ్‌లో అయితే చరిత్రలోనే మొదటిది. గోల్ కొట్టినోడికి అప్పుడు 19 ఏళ్లు, అంటే 2004 గెలుపు నాటికి పుట్టనేలేదు. తర్వాత జిబ్రాల్టర్ చేతిలో 0–1, మళ్లీ జిబ్రాల్టర్‌తోనే 1–1. చివరి మ్యాచ్‌లో హాఫ్ టైంకి 0–1తో వెనకబడి ఉండి, సెకండాఫ్‌లో లాజ్జరి, నాన్ని, గోలినుచ్చి తలా ఒకటి కొట్టి 3–1తో గెలిచారు. ఏడు పాయింట్లతో గ్రూప్ టాప్, లీగ్ డి నుంచి సి కి ప్రమోషన్. అలాంటి లైనుని తిప్పి రాస్తే కోపం రాదా మరి.

కుడి చేతి మీద "8.3 సెకన్లు" అని వేయమన్నాం. 1993 నవంబర్ 17, బొలోన్యాలో ఇంగ్లాండ్‌తో మ్యాచ్. ఇంగ్లాండ్‌కి భారీ తేడాతో గెలవాల్సిన పరిస్థితి, ఆట మొదలవగానే స్టువర్ట్ పియర్స్ గోల్‌కీపర్‌కి ఇచ్చిన బ్యాక్ పాస్ తేలిపోయింది, డేవిడే గ్వాల్తియేరి దూరి గోల్ కొట్టేశాడు. ఇంగ్లాండ్ చివరికి 7–1తో గెలిచింది, అయినా 1994 వరల్డ్ కప్‌కి పోలేదు. వరల్డ్ కప్ క్వాలిఫయర్లలో అంత వేగంగా గోల్ కొట్టినోడు 2016 దాకా రాలేదు, జిబ్రాల్టర్ మీద బెల్జియం ఆటగాడు బెంటెకె 8.1 సెకన్లకి కొట్టేదాకా. మా డిజైనర్ దాన్ని "8.30" చేసి పంపి, కింద మెసేజ్ పెట్టాడు: "ప్రాక్టీస్ టైం ఏఎం అని పెట్టాలా అన్నా?" ఇది మార్చమని చెప్పడానికి కూడా మాకు మనసొప్పలేదు, అంత నవ్వుకున్నాం. మార్చాడు లెండి.

మెచ్చుకోవాల్సింది కూడా ఉంది. జెర్సీ లోపలి అంచున చిన్న అక్షరాల్లో 0–13 వేయించాలని మావోడొకడు పట్టుబట్టాడు, 2006 సెప్టెంబర్ 6న జర్మనీ సెర్రవల్లేకే వచ్చి కొట్టిన దెబ్బ అది, శాన్ మారినో అతిపెద్ద ఓటమి. లోపలి వైపు ప్రింట్ అంటే వేరే పని, వేరే షాపైతే పీసుకి ఇంత అని చెప్పేవాళ్లు. ఈయన స్టిక్కర్ కోసి, హీట్ ప్రెస్ మీద తనే వేసి, పైసా అడగలేదు. (జర్మనీ ఒక్కటే అనుకోకండి, ప్రమోషన్ వచ్చాక కూడా 2026 వరల్డ్ కప్ క్వాలిఫయర్లలో ఎనిమిదికి ఎనిమిదీ ఓడారు, 2025 అక్టోబర్‌లో ఆస్ట్రియా పది కొట్టింది.)

రంగు విషయం. లేత నీలం అడిగాం, శాంపిల్ పీసు చూస్తే వంకాయ ఛాయ కొట్టింది. స్క్రీన్ మీద కనపడే నీలం వేరు, సబ్లిమేషన్‌లో వేడి తగిలాక వచ్చే నీలం వేరు. ఫోన్‌లో ఇమేజ్ చూసి ఓకే చెప్పేయకండి, ముందు గుడ్డ ముక్క మీద కొట్టి చూపించమనండి, అడిగితే చూపిస్తారు, అడక్కపోతే చూపించరు. రెండోసారి కొట్టింది బాగా కుదిరింది. గుడ్డ డ్రై ఫిట్, మన ఎండలకి పర్లేదు, చెమటకి ఒంటికి అతుక్కోదు, కాకపోతే మెడ దగ్గర కుట్టు కొంచెం గరుకు.

టైం గురించి ఎంత చెప్పినా తక్కువే. పాలమూరు టోర్నీకి ముందు గురువారం ఇస్తామన్నారు. గురువారం పోతే శనివారం, శనివారం పోతే "కుట్టు హైదరాబాద్‌లో ఆగింది". తర్వాత తెలిసిందేంటంటే మధ్యలో ఏదో క్రికెట్ టోర్నీ ఆర్డర్ పెద్దది తగిలితే మావి పక్కకి నెట్టారు. ఇది నాకు నచ్చలేదు, మొహం మీదే అన్నాను కూడా. చిన్న ఆర్డర్ అయినా అడ్వాన్స్ తీసుకున్నాక వరసలో ఉండాలి కదా. టోర్నీలో పాత రంగురంగుల బనియన్లలోనే ఆడి, 0–4తో ఓడొచ్చాం. జెర్సీలుంటే గెలిచేవాళ్లమని కాదు, కనీసం ఫోటో బాగుండేది. పెద్దాయన నొచ్చుకుని మొత్తం బిల్లులో ఐదొందలు తగ్గించారు.

రేటు జెర్సీకి 380, షార్ట్‌తో కలిపి 540. పాలమూరులో ఇంకొంచెం తక్కువకే దొరుకుతాయంటున్నారు గానీ తెలుగు అక్షరాలు అంటే అక్కడ చాలామంది వద్దనేశారు. ఇక్కడికి పోతే సగం కంటే ఎక్కువ అడ్వాన్స్ ఇవ్వకండి, మీకు కావాల్సిన రోజుకి పది రోజులు ముందు డేట్ చెప్పండి, డేట్లూ స్కోర్లూ ఉంటే కాగితం మీద "మార్చొద్దు" అని పెద్దగా రాసివ్వండి. సైజులు ఒక నంబర్ చిన్నగా వస్తున్నాయి, ఎల్ వేసుకునేవాళ్లు ఎక్స్ఎల్ చెప్పాలి. శుక్రవారం మధ్యాహ్నం నాలుగింటిదాకా షట్టర్ దించే ఉంటుంది.