అజ్రాక్‌లో పక్షుల కోసమైతే టూర్ ప్యాకేజీ వద్దు

జోర్డాన్‌లోని అజ్రాక్ తడినేలల రిజర్వ్‌కు టికెట్ కొనేముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. అక్కడ పెద్ద చెరువేమీ ఉండదు. ఎడారి నడుమ నీళ్లు తళతళలాడుతూ, వాటి మీద వేల బాతులు తేలుతుంటాయని ఊహించుకుని వచ్చేవాళ్లు పది నిమిషాలకే మొహం వేలాడేసుకుంటారు. ఉన్నదల్లా మనిషి ఎత్తు దాటిన రెల్లు, మధ్యమధ్య మడుగులు, వాటి మీదుగా చెక్క బాట. పక్షులు ఆ రెల్లులోనే దాక్కుని ఉంటాయి. ఓపిక ఉన్నవాళ్లకి మాత్రం ఇది బంగారం లాంటి చోటు.

రాజధాని అమ్మాన్ నుంచి తూర్పుగా దాదాపు 100 కిలోమీటర్లు. నేను జోర్డాన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో మొదటిసారి ఒక టూర్ కంపెనీ వాళ్లతో వెళ్లాను (పేరెందుకు లెండి). ఖరానా, అమ్రా కోటలు చూపించి, చివర్లో మిట్టమధ్యాహ్నం ఇక్కడ దింపి, అరగంటలో వచ్చెయ్యమన్నారు. ఆ వేళకి పక్షులు నీడ పట్టి కదలవు. నేల నుంచి లేచే వేడికి బైనాక్యులర్స్‌లో బొమ్మంతా అలలు అలలుగా ఊగుతుంది. సొంతంగా కారు మాట్లాడుకుని, గేటు తీసేసరికల్లా అక్కడ ఉండండి. లేదంటే ఎండ తగ్గాక వెళ్లండి.

బాట మీద అసలు కూర్చోవలసిన చోటు మట్టి ఇటుకలతో కట్టిన హైడ్, అంటే పక్షులకి కనబడకుండా కూర్చుని వాటిని చూసే గది. లోపల చల్లగా ఉంటుంది, గోడలో కిటికీల్లాంటి సందులు, ఎదురుగా మడుగు. మొదట బొల్లికోళ్లు తప్ప ఏమీ కనిపించవు. కదలకుండా కూర్చుంటే రెల్లు అంచున చిన్న కొంగ ఒకటి మెడ సాచుతుంది, పిల్లిగద్ద రెల్లు మీదుగా తక్కువ ఎత్తులో తిరిగి వెళ్తుంది, ఎక్కడుందో తెలియని పిట్ట ఒకటి గట్టిగా అరిచి ఊరుకుంటుంది. ఏప్రిల్‌లో వెళ్తే ఆఫ్రికా నుంచి ఉత్తరానికి పోయే వలస పిట్టలు దిగుతాయి. చుట్టూ నల్లరాళ్ల ఎడారి కదా, వాటికి నీళ్లు, పురుగులు దొరికే మజిలీ ఇదే. చలికాలంలో బాతులు వస్తాయి.

విజిటర్ సెంటర్‌ని దాటేసి నేరుగా బాట మీదికి పోకండి. ఈ ఒయాసిస్ కథ తెలియకుండా చూస్తే సగమే చూసినట్టు. 1967 ఫిబ్రవరి 2న ఇక్కడ లెక్కకు వచ్చిన పక్షులు 3,47,000. 2000లో అదే తేదీన లెక్కిస్తే 1,200. మధ్యలో జరిగిందల్లా నీళ్లు తోడెయ్యడమే. అమ్మాన్‌కి తాగునీళ్లు, చుట్టుపక్కల పొలాలకి బోర్లు. 1992కి ఊటలు పూర్తిగా ఆగిపోయాయి. ఇప్పుడు మనం చూసే మడుగులు పైపులతో నీళ్లు పోసి నిలబెట్టినవి. పాత తడినేలలో పదో వంతు తిరిగి తేవాలన్నదే లక్ష్యమట. అందుకే చెరువు చిన్నదని విసుక్కునేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది.

అక్కడే అక్వేరియంలో అజ్రాక్ కిల్లీఫిష్ అనే వేలెడు చేపను చూడండి. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఊటలు ఎండిపోయినప్పుడు దాని పని కూడా అయిపోయిందనే అనుకున్నారు. బయట గేదెలు కనిపిస్తే తప్పిపోయి వచ్చాయేమో అనుకోవద్దు. రెల్లు అడ్డూ ఆపూ లేకుండా పెరిగి నీళ్లను కప్పేయకుండా మేసేది అవే.

బైనాక్యులర్స్ 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేవి, ముందు లెన్స్ 42 మి.మీ.) చాలు. అంతకన్నా పవర్ ఎక్కువైతే వేడి గాలి ఊపు కూడా అంతే పెద్దదై కనిపిస్తుంది. ఇసుక దుమ్ము పడితే లెన్స్‌ని గుడ్డతో రుద్దకండి, ముందు ఊదండి, తర్వాతే తుడవండి. టోపీ, నీళ్లు సరేసరి.

ఊరు ఇరాక్, సౌదీ రోడ్లు కలిసే చోట ఉంది కాబట్టి లారీల మోత ఉంటుంది. పిట్టల కూతలు రికార్డు చేసుకుందామనుకునేవాళ్లకి అదొక్కటే తలనొప్పి. రాత్రికి ఉండాలంటే అజ్రాక్ లాడ్జ్ ఉంది, 1940లలో బ్రిటిష్ సైన్యం కట్టుకున్న ఆసుపత్రి అది. అక్కడ పడుకుంటే పొద్దున్నే అమ్మాన్ నుంచి పరుగెత్తే పని తప్పుతుంది. రెండో రోజు చేతిలో ఉంటే అరేబియన్ ఓరిక్స్ (పొడవాటి కొమ్ముల తెల్ల జింక) కోసం దగ్గర్లోని షౌమరి రిజర్వ్‌కి వెళ్లొచ్చు. పిల్లలు తోడుంటే మాత్రం ముందు అక్కడికే తీసుకెళ్లండి, హైడ్‌లో వాళ్లని కూర్చోబెట్టడం మీ వల్ల కాదు.