యూ గాట్ సర్వ్‌డ్, రైజ్: ఏది చూడొచ్చు?

డాన్స్ పందేల మీద ఒక్క సినిమానే చూసే తీరిక ఉంటే ఏది? నా దగ్గర రెండున్నాయి. రెండూ లాస్ ఏంజిలస్‌వే, ఏడాది తేడాతో వచ్చినవే. 2004 నాటి ‘యూ గాట్ సర్వ్‌డ్’ కల్పిత కథ, 2005లో విడుదలైన ‘రైజ్’ డాక్యుమెంటరీ.

మొదటిదాన్ని విమర్శకులు ఉతికి ఆరేశారు. అయినా విడుదలైన వారాంతం అమెరికాలో వసూళ్లలో మొదటి స్థానం దానిదే! కథ మాత్రం అరిగిపోయిన రికార్డే. ఇద్దరు ప్రాణస్నేహితులు, ఒకడి చెల్లెలిని ఇంకొకడు ప్రేమించడం, గొడవ, చివర్లో 50,000 డాలర్ల పోటీ. డైలాగులొచ్చినప్పుడల్లా ఆ స్నేహితులుగా వేసిన గాయకులు ఓమారియన్, మార్కస్ హ్యూస్టన్ పాఠం అప్పజెప్పే పిల్లల్లా బిగుసుకుపోతారు.

పాట మొదలైతే వీళ్లేనా అనిపిస్తుంది. ఆరెంజ్ కౌంటీ నుంచి వచ్చిన జట్టు వీళ్ల స్టెప్పులన్నీ వీళ్ల కళ్లముందే వేసేసే సన్నివేశం ఒకటుంది. సొంత జట్టులోవాడే చేరవేశాడు. ఇక తమ వంతు వచ్చాక ఏం చెయ్యాలి? అదే స్టెప్పు వేస్తే కాపీ, వెయ్యకపోతే ఓటమి. చుట్టూ జనం గోల. పందెంలో పరువు పోవడమంటే ఏమిటో ఆ కాసేపట్లో తెలిసిపోతుంది.

‘రైజ్’ తీసింది ఫొటోగ్రాఫర్ డేవిడ్ లాషపెల్. దృశ్యాల వేగం ఎక్కడా పెంచలేదని మొదట్లోనే తెరమీద రాసి చూపిస్తారు. అప్పుడు నవ్వొస్తుంది. క్రంప్ అనే వీధి డాన్స్ మొదలయ్యాక, ఛాతీ ఎగరేసే ఆ విసురు చూశాక, ఆ మాటే మళ్లీ గుర్తు తెచ్చుకోవాల్సి వస్తుంది. 1992లో లాస్ ఏంజిలస్‌లో జరిగిన జాతి అల్లర్ల తర్వాత, జోకర్ వేషం కట్టే టామీ ద క్లౌన్ పిల్లల పుట్టినరోజు వేడుకల్లో మొదలుపెట్టిన డాన్స్‌లోంచి విడిపడి పెరిగిందే ఈ క్రంప్. సినిమాలో ఆయన పెద్ద పోటీ నడిపి ఇంటికొచ్చేసరికి ఇల్లు దోచేసి ఉంటుంది. ఏ రచయితైనా ఇలా రాస్తే అతిగా ఉందని కొట్టేస్తాం.

అతి ఇందులోనూ ఉందిలెండి. ఆఫ్రికా నాట్యాల పాత ఫుటేజీని పక్కన పెట్టి పోల్చడం నాకు రుచించలేదు.

రెండింట్లోనూ ఓ పసిప్రాణం తుపాకీకి బలవుతుంది. ‘యూ గాట్ సర్వ్‌డ్’లో ఆ చావు స్నేహితులను కలపడానికి పనికొస్తుంది, అంతే. ‘రైజ్’లో అది దేనికీ పనికిరాదు. పిల్లలు ఏడుస్తారు, మళ్లీ డాన్స్‌కి వెళతారు.

నా ఓటు ‘రైజ్’కే. నలుగురు స్నేహితులు చేరి గోల చేసే రాత్రైతే మాత్రం మొదటిదే పెట్టండి, రిమోట్ దగ్గరుంచుకుని.