పది నిమిషాల ప్రయాణానికి పది రోజుల సెలవు

విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న అమెరికా కంపెనీ బ్లూ ఆరిజిన్ వారి న్యూ షెపర్డ్ రాకెట్‌లో వంద కిలోమీటర్ల ఎత్తు దాటి వచ్చారు. పైకెళ్లి దిగడానికి పట్టింది దాదాపు పది నిమిషాలు. అందులో బరువు తెలియకుండా తేలేది మూడు నాలుగు నిమిషాలే. శంషాబాద్ నుంచి టెక్సాస్‌లోని లాంచ్ సైట్‌కి చేరడానికే రెండు రోజులు పోతాయి కాబట్టి, లెక్క వేయాల్సింది నిమిషాలు కాదు, సెలవులు. అయితే 2026 జనవరిలో కంపెనీ ఈ ప్రయాణాలను కనీసం రెండేళ్లు ఆపుతున్నట్టు ప్రకటించింది. కింద చెప్పేది అంతకుముందు నడిచిన పద్ధతి.

విమానాలు మారుతూ ఎల్‌పాసో చేరి, అక్కడి నుంచి ఐ-10 హైవే మీద తూర్పుగా రెండు గంటలు వెళ్తే లాంచ్ సైట్‌కు దగ్గరి ఊరు వాన్ హార్న్. దారిలో గడియారం గంట ముందుకు జరుగుతుంది. రిపోర్టింగ్ టైమ్ ఏ ఊరి గడియారం ప్రకారమో ముందే అడిగి పెట్టుకోండి. ఊళ్లో 1930 నాటి ఎల్ కాపిటాన్ హోటల్, హైవే పక్కన మోటెళ్లు ఉన్నాయి. టికెట్ ఉన్నవాళ్లకు బస, శిక్షణ అన్నీ లాంచ్ సైట్‌లోనే.

చూడ్డానికి మాత్రమే వెళ్దామంటే సలహా ఇవ్వలేం. జనం కోసం గ్యాలరీ లేదు. ప్రయోగం వేళ 54వ నంబరు రోడ్డు మూసేస్తారు. దూరం నుంచి కనబడేది సన్నటి గీత. లైవే నయం.

గాలి ఎక్కువైతే ఆ రోజుకి అంతే. ‘స్టార్ ట్రెక్’ నటుడు విలియం షాట్నర్ ప్రయాణం కూడా 2021 అక్టోబర్ 12 నుంచి 13కి జరిగింది. తిరుగు టికెట్ తేదీ మార్చుకునే రకందే కొనాలి.

అర్హతల్లో చాలామంది బరువు ఒక్కటే చూస్తారు (50 నుంచి 101 కిలోలు). అసలు పరీక్ష మెట్లు: ఏడంతస్తుల టవర్ 90 సెకన్లలో ఎక్కాలి. సీటు బెల్టు 15 సెకన్లలో పెట్టుకోవాలి. ఎందుకంటే తేలుతున్నవాళ్లు సీట్లోకి వచ్చేసరికి దిగడం మొదలవుతుంది. కిందికి వచ్చేటప్పుడు ఒంటి మీద బరువు ఐదు రెట్లు దాటుతుంది. గోపీచంద్ వెళ్లినప్పుడు మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. రెండింటితోనూ క్షేమంగా దిగేలా క్యాప్సూల్ తయారైంది కాబట్టి ఇబ్బంది రాలేదు. ఈ వాహనం సురక్షితమని ప్రభుత్వం ధ్రువీకరించలేదని అక్కడి చట్టం ప్రకారం రాతపూర్వకంగా చెప్పి మీ సంతకం తీసుకుంటారు. మన ట్రావెల్ ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో బీమా కంపెనీతో కాగితం మీద రాయించుకోండి.

బండ్ల శిరీష 2021 జులై 11న వెళ్లిన మరో కంపెనీ వర్జిన్ గెలాక్టిక్ దారి వేరు. న్యూ మెక్సికోలోని స్పేస్‌పోర్ట్ అమెరికా రన్‌వే నుంచి పెద్ద విమానం నౌకను పైకి మోసుకెళ్లి వదులుతుంది. ఇంజిన్ నిమిషం పాటు మండుతుంది. ఎత్తు 86 కిలోమీటర్ల దాకా. అమెరికా లెక్కలో 80 దాటితే అంతరిక్షమే, వంద కిలోమీటర్లనే హద్దుగా పట్టుకున్నవాళ్లు మాత్రం ఒప్పుకోరు. అప్పట్లో పెట్టిన ధర నాలుగున్నర లక్షల డాలర్లు, అంటే కోకాపేటలో మంచి ఫ్లాట్. శిరీష ఎక్కిన యూనిటీ నౌక 2024 జూన్‌తో రిటైరైంది. తర్వాతి వంతు ఆ కంపెనీ కొత్త రకం డెల్టా నౌకలది. ఊరికే చూసి రావాలనుకుంటే మాత్రం వాన్ హార్న్ కంటే ఇదే మేలు. ముందే బుక్ చేసుకుంటే టూర్ ఉంటుంది.

ఇంటికి దగ్గరి దారి బెలూన్. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గరి టీఐఎఫ్‌ఆర్ (టాటా పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రం నుంచి 2022 డిసెంబర్‌లో హాలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ ఖాళీ క్యాప్సూల్‌ను పరీక్షగా ఎగరేసింది. అది వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో దిగితే, ఇదేం వస్తువో అని ఊరంతా చుట్టూ చేరింది. బెలూన్లో బరువు తెలియకుండా తేలడం ఉండదు, అంతరిక్షం కూడా కాదు. కానీ మెట్లెక్కే పరీక్ష తట్టుకోలేని అమ్మానాన్నలకు నల్లటి ఆకాశం చూపించగలిగేది అదొక్కటే.