పాత సూపర్‌హీరో కామిక్స్ కొనేవాళ్లకు హెచ్చరిక: అట్ట ఫొటో చూసి డబ్బు కట్టకండి

అందరికీ నమస్కారం. నాలాగే అమెరికాలో ఉంటూ పాత కామిక్స్ ఏరుకునే తెలుగువాళ్ల కోసం ముఖ్యంగా ఇది రాస్తున్నాను. నాకు జరిగింది మీకు జరగకూడదు.

రెండు నెలల క్రితం ఆన్‌లైన్‌లో డిటెక్టివ్ కామిక్స్ 241వ సంచిక కొన్నాను. 1957 మార్చి నాటిది, 180 డాలర్లు పెట్టాను. అట్ట మీద బ్యాట్‌మన్ గులాబీ రంగు దుస్తుల్లో ఉంటాడు. ప్రకటనలో అట్ట ఫొటోలు ముందూ వెనకా కలిపి ఆరు పెట్టారు, నిజంగానే మెరిసిపోతోంది. లోపలి పేజీల ఫొటో ఒక్కటీ లేదు. అడగాల్సింది, అడగలేదు.

పార్శిల్ వచ్చిన రాత్రి మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. వాడికి తొమ్మిదేళ్లు. బ్యాట్‌మన్ రోజుకో రంగు దుస్తులు వేసుకుని దొంగల మీదికి వెళ్తుంటే పడీ పడీ నవ్వాడు. తీరా అసలు సంగతి తేలే చోటికి వచ్చేసరికి పేజీ తిప్పితే వేరే కథ మొదలైంది. "నాన్నా, ఇంతకీ రంగులెందుకు మార్చాడు?" అన్నాడు. ఆ జవాబు ఉన్న పేజీలే లేవు.

ఆ కాలపు కామిక్స్‌లో పేజీలు పోవడం ఎంత పెద్ద నష్టమో కొత్తగా కొనేవాళ్లకు తెలియకపోవచ్చు. అప్పట్లో ఈ కామిక్స్ వేసే డీసీ సంస్థ ఎడిటర్లు చాలాసార్లు ముందు అట్టబొమ్మ అనుకుని, తర్వాత దానికి కథ రాయించేవారు. పిల్లలు అంగట్లో ఆ బొమ్మ చూసి "ఇదేంటి, ఎలా జరిగింది?" అనుకుని పది సెంట్లు ఇచ్చి కొనాలి. 1958లో సూపర్‌మన్ 125వ సంచికలో అతని చేతిలోంచి బొటనవేలంత సూపర్‌మన్ పుట్టుకొస్తాడు. 1960లో ఫ్లాష్ 115వ సంచికలో అంత వేగంగా పరిగెత్తేవాడు వెయ్యి పౌన్లు, అంటే దాదాపు 450 కిలోల బరువెక్కిపోతాడు. 1961లో సూపర్‌మన్ స్నేహితుడు జిమ్మీ ఆల్సెన్ కొండంత తాబేలు మనిషి అవుతాడు. ఇంత విడ్డూరానికి చివర్లో చెప్పే కారణం మహా గంభీరంగా ఉంటుంది, నవ్వు పుట్టేది అక్కడే. మన రంగుల బ్యాట్‌మన్ కథే చూడండి. బ్యాట్‌మన్ సహచరుడు రాబిన్ మామూలు బట్టల్లో ఉండగా ఒక పాపను కాపాడబోయి చేతికి దెబ్బ తగిలించుకుంటాడు, అది జనం చూస్తారు. అదే దెబ్బతో రాబిన్‌గా కనబడితే అతనెవరో తెలిసిపోతుంది కదా. అందుకని అందరి కళ్లూ తన మీదే ఉండేలా బ్యాట్‌మన్ రంగులు మారుస్తాడు! ఈ ముడి విప్పే పేజీలు లేకపోతే మిగిలేది అట్ట ఒక్కటే.

లెక్క ఎలా చూడాలో చెప్తాను. ఆ కాలపు సంచికలో అట్ట కాకుండా 32 పుటలు, అంటే మధ్యకు మడిచి పిన్నులు కొట్టిన ఎనిమిది కాగితాలు ఉంటాయి. ఒక కాగితం ఊడిపోతే ముందు సగంలో రెండు పుటలు, వెనక సగంలో రెండు పుటలు పోతాయి. నా దాంట్లో అలాగే వెనక ఉన్న మార్షియన్ మాన్‌హంటర్ (అంగారకుడి నుంచి వచ్చిన హీరో) కథ కూడా మధ్యలో తెగిపోయింది. కాబట్టి ప్రతి పుట ఫొటో అడగండి. కనీసం పిన్నుల దగ్గర నడిమి పేజీ, ప్రతి కథ చివరి పేజీ చూపించమనండి. ప్రకటనల్లోని కూపన్లు అప్పటి పిల్లలు కత్తిరించి పోస్టు చేసేవారు, ఆ కూపన్ వెనక వైపు కథ బొమ్మ ఉంటే అదీ పోయినట్టే.

రీప్రింట్ల విషయంలోనూ జాగ్రత్త. ఇప్పుడు అచ్చయ్యే నకలు సంచికల అట్ట మీద పాత ధర కూడా అలాగే ఉంటుంది, లోపల చిన్న అక్షరాల్లో ఆ కాపీ నిజంగా అచ్చయిన సంవత్సరం చూడాలి. 1961 నాటిది అంటూ బార్‌కోడ్ ఉన్నది చూపిస్తే అది ఒరిజినల్ కాదు, కామిక్స్ మీదికి బార్‌కోడ్ వచ్చిందే 1970ల మధ్యలో. ఇంకోటి, సూపర్‌మన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికను 1974లో పెద్ద సైజులో మళ్లీ వేశారు. దాని పై అట్ట చింపేసి, లోపల ఉన్న పాత అట్ట నకలుతో 1938 నాటిదని అమ్మేవాళ్లున్నారు. సైజు కొలిస్తే చాలు, దొరికిపోతుంది.

ఇక నా డబ్బు సంగతి. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "పేజీలన్నీ ఉన్నాయని మేము రాయలేదు కదా" అన్నారు. నిజమే, రాయలేదు. మూడు వారాలు వెంటపడితే, కార్డు కంపెనీకి ఫిర్యాదు చేస్తానంటే అప్పుడు వెనక్కి తీసుకున్నారు, పోస్టు ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. మా వాడికి కథ ముగింపు లైబ్రరీలో దొరికిన రీప్రింట్ పుస్తకంలో చదివి వినిపించాను.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నిన్న అదే కాపీ మళ్లీ అమ్మకానికి పెట్టారు. ఈసారి 220 డాలర్లు. పేజీలు లేవన్న మాట ఈసారి కూడా రాయలేదు. గుర్తులు చెప్తాను: అట్ట కింది కుడి మూలలో చిన్న మడత ఉంటుంది, వెనక అట్ట మీద నీలం సిరాతో పెట్టిన టిక్కు ఉంటుంది. కనబడితే కొనకండి.