పర్లాకిమిడిలో మా కర్రోడి బొమ్మ వేయించాం, ఫోటో దగ్గరే సగం పని

ఫోటో చూసి పెంపుడు జంతువుల బొమ్మలు రంగుల్లో వేసిచ్చే ఆర్టిస్టు ఒకాయన పర్లాకిమిడిలో ఉన్నారు. మా నల్ల కుక్క కర్రోడి బొమ్మ ఆయనతోనే వేయించాం, చాలా బాగా వచ్చింది, పెట్టిన డబ్బుకి బాధ లేదు. అయితే నాకు బొమ్మ కన్నా ఎక్కువ నచ్చింది అడ్వాన్సు తీసుకునే ముందు ఆయన ఫోటోలు చూసే తీరు. మా ఇంట్లో అందరి ఫోన్లూ చూపించినా ఒక్క ఫోటో ఒప్పుకోలేదు. "అన్నయ్యా, వీటిలో కళ్లు తెలియట్లేదు, ఇలా వేస్తే ఏదో ఒక నల్ల కుక్క వస్తుంది గానీ మీ కుక్క రాదు" అన్నారు.

నల్ల కుక్కతో తంటా అదే. ఎండలో తీస్తే వీపు మెరుస్తుంది, ముఖం మసిముద్దలా ఉంటుంది. ఇంట్లో ఫ్లాష్ వేస్తే కంటి వెనకుండే మెరిసే పొర వల్ల కళ్లు పచ్చగా వెలిగిపోతాయి. అందుకని పొద్దున్న పూట అరుగు మీద నీడలో, వెలుతురు ఎదురుగా ముఖం మీద పడేలా కూర్చోబెట్టి, మనం కూడా కింద కూర్చుని ఫోన్ దాని కళ్ల ఎత్తులో పట్టుకోమన్నారు. మరీ దగ్గరకెళ్తే ముక్కు పెద్దదై చెవులు చిన్నవైపోతాయి కాబట్టి కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టాలి. స్క్రీన్ మీద ముఖం దగ్గర నొక్కి వెలుగు కొంచెం పెంచగానే నలుపులోని గోధుమ ఛాయ, మూతి చుట్టూ నెరిసిన వెంట్రుకలు, ఎప్పుడో కొట్లాటలో చిరిగిన ఎడమ చెవి అన్నీ బయటపడ్డాయి. వెనకంతా మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, చెవుల అంచు వెంట్రుకలు అలికేసినట్టు అయిపోతాయి. మా అమ్మ నా వెనక నిలబడి బిస్కెట్ కవర్ గలగలలాడించింది, వాడు తల ఓ పక్కకి వంచి చూశాడు, ఆర్టిస్టు తీసుకున్నది ఆ ఫోటోనే.

వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి, నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

పాతపట్నంలో మా పిన్ని వాళ్ల పిల్లి పోయింది, కొత్తగా తీసే వీలు లేదు. దానికి ఒక ఫోటోలో కూర్చున్న తీరు, పగటి వెలుతురులో తీసిన ఇంకోదానిలో రంగు చూసి వేస్తానని ఒప్పుకున్నారు. ఆ మాటకే పిన్ని కళ్లు తుడుచుకుంది.

చెప్పిన తేదీకి మాత్రం ఇవ్వలేదు, రథయాత్ర రోజుల్లో పని ఆగిపోయిందన్నారు, కాబట్టి పుట్టినరోజుకో దసరాకో కావాలంటే బాగా ముందే చెప్పుకోండి. ఫ్రేమ్ వేరేచోట కట్టించుకోండి, ఆయన వేసే గాజు మీద ట్యూబ్‌లైట్ పడితే సగం బొమ్మ కనబడదు.