బిల్లు సవరించే టూల్‌ను ఏజెంటుకు వివరించడం: ఎంసీపీతో చాలాకాలం పనిచేశాక

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లలో ఎక్కువమంది హోల్‌సేల్ వ్యాపారులు. వాళ్ల అకౌంటెంట్లు ఇప్పుడు "ఫలానా పార్టీ బిల్లులో రేటు మార్చు" అని ఏఐ ఏజెంటుకు చెప్పి పని చేయించుకుంటున్నారు. ఆ ఏజెంటు మా సాఫ్ట్‌వేర్‌ను అందుకునేది ఎంసీపీ, అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ద్వారా. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన ఓపెన్ ప్రమాణం ఇది. ఏజెంటు మా సాఫ్ట్‌వేర్‌లో చేయగలిగే ఒక్కో పనినీ ఇందులో టూల్ అంటారు. ప్రతి టూల్‌కూ ఒక పేరు, మామూలు మాటల్లో ఒక వివరణ, ఏ వివరాలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే జేసన్ స్కీమా రాసిపెట్టాలి. టూల్‌ను వాడేముందు ఏజెంటు చూసేది వీటినే. బిల్లులు సవరించే టూల్‌కు వీటిని రాయడం, తిరగరాయడం చాలాకాలంగా నా పని.

స్కీమా విషయంలో నాకు పూర్తి సంతృప్తి. సరుకు ఏ రకమో పన్ను కోసం చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌లో ఉండేవి అంకెలే కాబట్టి దాన్ని సంఖ్యగా పెట్టాలనిపిస్తుంది. కానీ పాల కోడ్ 0401. సంఖ్యగా పెడితే ముందున్న సున్నా పోయి 401 మిగులుతుంది. స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల్లా పెట్టి పక్కనే ఒక ఉదాహరణ ఇస్తే ఏజెంట్లు సరిగ్గా పంపుతున్నాయి. తేదీ కూడా అంతే. ఈ-ఇన్‌వాయిస్‌లో, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లులో, రోజు, నెల, ఏడాది వరుసలో రాయాలి. 03/04/2025ని ఏప్రిల్ 3 బదులు మార్చి 4గా చదివితే నెల ఒక్కటే కాదు, ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. డబ్బు సంగతి ఇంకొంచెం చిక్కు. స్ట్రైప్ లాంటి పేమెంట్ సేవల్లో మొత్తాన్ని పైసల్లో ఇవ్వాలి, మన బిల్లుల్లో రూపాయల్లో. వివరణలో ఎక్కడో చెప్పడం కన్నా ఆ గడి పేరునే "రేటు రూపాయల్లో" అని మార్చడం బాగా పనిచేసింది.

అసలు కష్టం "అప్‌డేట్" దగ్గర మొదలవుతుంది. పది సరుకులున్న బిల్లులో ఒకదాని రేటు మార్చమంటే, ఏజెంటు ఆ ఒక్క లైనే పంపుతుంది. మిగతా తొమ్మిదీ అలాగే ఉంటాయా, పోతాయా? జోహో బుక్స్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తన డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా చెప్పింది: జాబితాలో లేని లైను బిల్లులోంచి పోతుంది. అలాంటిదే అయిన క్విక్‌బుక్స్‌లో పూర్తి అప్‌డేట్ వేరు, పంపిన గడులే మారే స్పార్స్ అప్‌డేట్ వేరు. డెవలపర్ ఇలాంటిది ఒకసారి చదివి గుర్తుపెట్టుకుంటాడు. ఏజెంటు మాత్రం రోజూ కొత్తగా చేరే గుమాస్తా లాంటిది, నిన్న చెప్పింది దానికి ఇవాళ తెలియదు. అందుకే మేము ఒకే పెద్ద అప్‌డేట్ టూల్‌ను పక్కనపెట్టి రేటు మార్చడానికి ఒకటి, లైను చేర్చడానికి ఒకటి, తీసెయ్యడానికి ఒకటి ఇచ్చాం. వివరణ ఎంత బాగా రాసినా రాని నిలకడ ఈ విడదీతతో వచ్చింది.

ఇక జీఎస్‌టీ. బిల్లు డ్రాఫ్టులో ఉన్నంతవరకు ఏదైనా మార్చుకోవచ్చు. ఐఆర్‌ఎన్, అంటే ఈ-ఇన్‌వాయిస్‌కు ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే నంబరు, వచ్చాక ఆ పోర్టల్‌లో సవరణకు వీల్లేదు. 24 గంటల్లోపు రద్దు చేయొచ్చు, అదీ మొత్తం బిల్లును. రద్దు చేసిన బిల్లు నంబరుతో మళ్లీ ఐఆర్‌ఎన్ రాదు, కొత్త నంబరు వెయ్యాలి. గడువు దాటితే క్రెడిట్ నోటో (బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే పత్రం), అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్‌టీఆర్-1లో సవరణో దారి. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన టర్నోవర్‌కే ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి అయింది కాబట్టి, మా దగ్గరున్న ఓ మోస్తరు వ్యాపారులు చాలామంది దీని కిందికి వచ్చేశారు.

ఇదంతా వివరణలో పెడితే అది పేజీలకు పేజీలు పెరుగుతుంది. ప్రతి టూల్ వివరణా ఏజెంటు ఒకేసారి చూడగలిగే సమాచారంలో (కాంటెక్స్ట్‌లో) చోటు తీసుకుంటుంది, టూల్స్ పెరిగేకొద్దీ ముఖ్యమైన వాక్యం మరుగున పడుతుంది. నాకు కుదిరిన పద్ధతి చెబుతాను. వివరణ మొదటి వాక్యంలోనే "ఐఆర్‌ఎన్ లేని బిల్లులకు మాత్రమే" అని రాస్తాం. మిగతాదంతా ఎర్రర్ సందేశంలో ఉంటుంది. ఎంసీపీలో టూల్ విఫలమైతే ఆ కారణాన్ని ఫలితంలోనే, ఇది ఎర్రర్ అన్న గుర్తుతో పంపొచ్చు, ఏజెంటు దాన్ని చదవగలదు. "అనుమతి లేదు" అని ఊరుకోకుండా "ఈ బిల్లుకు ఐఆర్‌ఎన్ ఉంది, 24 గంటలు దాటాయి, క్రెడిట్ నోట్ టూల్ వాడు, ముందు యూజర్‌ను అడుగు" అని రాస్తే ఏజెంటు సరైన దారికి వస్తుంది. డాక్యుమెంటేషన్‌లో నేను అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టేది ఈ ఎర్రర్ సందేశాల మీదే.

కొన్ని మార్పులు పైకి చిన్నవిగా కనిపిస్తాయి. విజయవాడ డీలరు హైదరాబాద్ పార్టీకి వేసిన బిల్లులో సరఫరా స్థలం 36, అంటే తెలంగాణ కోడ్. దాన్ని ఆంధ్రప్రదేశ్ కోడ్ 37 చేస్తే, రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే ఐజీఎస్‌టీ పోయి, రాష్ట్రం లోపలి అమ్మకాలకు వేసే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ వస్తాయి. మొత్తం పన్ను అంతే ఉంటుంది కాబట్టి ఎవరి కంటా పడదు. అందుకే మా టూల్ ఆ మార్పును వెంటనే సేవ్ చెయ్యదు, పాత పన్నూ కొత్త పన్నూ పక్కపక్కన చూపించి ఒప్పుకోలు అడుగుతుంది.

నాకున్న అసంతృప్తి ఒకటే. ఎంసీపీ 2025 మార్చి వెర్షన్ నుంచి టూల్‌కు "చదవడానికి మాత్రమే", "చెరిపేసే ప్రమాదం ఉంది" లాంటి సూచనలు జతచేయొచ్చు. కానీ ప్రమాణం ప్రకారమే అవి సూచనలు, హామీలు కావు. ఏజెంటు నడిచే యాప్ వాటిని చూసి యూజర్‌ను అడగొచ్చు, అడగకపోనూవచ్చు. పన్నుతో, వేరేవాళ్ల డబ్బుతో పెట్టుకున్న పనికి ఇది చాలదు. కాబట్టి ఆపాల్సిన ప్రతిదాన్నీ సర్వర్ కోడ్‌లోనే ఆపుతున్నాం. ఐఆర్‌ఎన్ రద్దు చేసే టూల్‌ను మాత్రం ఇప్పటికీ ఏజెంటు చేతికి ఇవ్వలేదు. అది అకౌంటెంటు స్క్రీన్ మీద బటన్‌గానే ఉంది.